కన్నీళ్లకు చట్రం కట్టే విధానం

1799 డిసెంబరు 14న మౌంట్ వెర్నన్‌లో జార్జ్ వాషింగ్టన్ కన్నుమూశాడు. అమెరికాలో ఆడపిల్లల చదువుకు ఇంతకంటే మేలు చేసిన మరణం మరొకటి లేదని మా దృఢాభిప్రాయం. అక్షరమాల కుట్టుకుంటూ కూర్చున్న పిల్లలకు ఒక్కసారిగా గంభీరమైన పాఠ్యాంశం దొరికింది, పట్టుబట్ట మీద కుట్టే శోకచిత్రం: సమాధి, దాని మీద కలశం, పక్కన విల్లో చెట్టు, చెట్టు కింద తెల్లగౌనులో ఒరిగి ఏడ్చే యువతి. ఆయన్ని ఏనాడూ చూడని పిల్ల ఆయన కోసం పట్టుదారంతో ఏడిస్తే అది దేశభక్తి. సొంత తాత కోసం ఏడవాలన్నా ఇదే నమూనా, పేరు మారిస్తే చాలు.

ఇది ఇంట్లో అబ్బే విద్య కాదు. బోస్టన్‌లో 1797లో సుసానా రౌసన్ పెట్టిన అకాడమీకో, డార్చెస్టర్‌లో 1803లో సాండర్స్, బీచ్ అనే ఇద్దరు పంతులమ్మలు తెరిచినదానికో పోవాలి. చదువుకి ఒక రుసుము, శోకానికి వేరే రుసుము.

తెల్ల పట్టుబట్ట అంచులకు నారగుడ్డ కుట్టి, చెక్క చట్రానికి లాగి కట్టాలి. వేలితో కొడితే డప్పులా మోగాలి. వదులైతే ప్రతి కుట్టూ బట్టను తనవైపు గుంజుకుని సమాధి చుట్టూ ముడతలు లేస్తాయి. దారం పురి పెట్టని పట్టుపోగు. మూరెడుకు మించి తీస్తే బట్టలో దూరి దూరి నలిగి నూగు లేస్తుంది. చేతులు గరుకైతే పోగు చర్మానికే తగులుకుంటుంది. అంటే అంట్లు తోమే చేతులకు దుఃఖించే అర్హత లేదు. ఈ నియమం ఎవరూ పెట్టలేదు, పట్టే పెట్టింది.

రాతికి పోగులు పక్కపక్కనే నున్నగా పరిచే శాటిన్ కుట్టు, గౌను మడతలకు పొడుగూ పొట్టీ కలిపి వేసే లాంగ్ అండ్ షార్ట్ కుట్టు, గడ్డికి నూగున్న షెనీల్ దారం, పొదలకు ఫ్రెంచ్ నాట్లు, అంటే చిన్న చిన్న ముడి కుట్లు. విల్లో కొమ్మలు ఎలాగూ కిందికే వేలాడతాయి కనుక పొడుగు కుట్లతో గబగబా సాగిపోతాయి. ఆ చెట్టును శోకచిహ్నంగా ఎంచుకున్నవారికి సూది పట్టడం తెలుసు.

ముఖం జోలికి మాత్రం అమ్మాయి పోరాదు. గోరంత ముఖంలో కన్నూ ముక్కూ పలికించడం దారం వల్ల కాదు. ముఖాలు, చేతులు, ఆకాశం నీటిరంగులతో వేయించాలి. ఫిలడెల్ఫియాలో శామ్యూల్ ఫోల్వెల్ పట్టు మీద బొమ్మ గీసేవాడు, ముఖాలూ వేసేవాడు, ఆయన భార్య కుట్టు నేర్పేది. చివరికి అద్దం అంచుకు లోపలివైపు నల్లరంగు పూయించి, బంగారు అక్షరాలతో పేరు రాయిస్తారు. ఎవరి పేరు? అమ్మాయిదే. సొమ్మొకడిది సోకొకడిది అని నోరు జారకండి. పొదల నిండా ముడులు వేసింది ఆవిడేగా.

సమాధి మీద చనిపోయినవారి పేరు సిరాతో రాస్తారు, లేదా అచ్చువేసిన కాగితం అంటిస్తారు. కొన్ని చిత్రాల్లో ఆ చోటు ఖాళీగా ఉండిపోయింది. మా దృష్టిలో ఉత్తమోత్తమమైనవి అవే. బడి ముగిసేనాటికి ఇంట్లో ఎవరూ పోకపోతే పాపం పిల్ల ఏం చేస్తుంది? చిత్రం గోడకెక్కుతుంది. తాతగారు తన చోటు చూసుకుంటూ నింపాదిగా భోజనం చేయవచ్చు.

ఇక నిలవ సంగతి. ఇనుము కలిపిన అద్దకంతో తేల్చిన నలుపు, ముదురు గోధుమ దారాలే ముందు పొడై రాలతాయి. రంగు పూసిన పట్టు పెళుసెక్కి చీలుతుంది, ఆకాశం పగిలేది అందుకే. వెనక కొట్టిన చెక్కపలక ఆమ్లం వదిలి గోధుమరంగు మరకలు పెడుతుంది. మ్యూజియంలు ఇలాంటివాటికి 50 లక్స్‌కు (లక్స్ వెలుతురు కొలత, ఇది మసక వెలుగే) మించి వెలుతురు పడనివ్వవు. వారసులేమో ఎండ పడే కిటికీ ఎదురుగా తగిలించి, మాసిందని ఒకనాడు గోరువెచ్చని నీళ్లు సిద్ధం చేస్తారు. నీరు తగిలితే నీటిరంగు ముఖం చెదిరిపోతుంది. మళ్లీ వేయించుకుందామంటే ఫోల్వెల్ 1813లోనే పోయాడు.