గుమ్మడికాయకు జరిగిన అన్యాయం

మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఎవరో గుమ్మడికాయ బొమ్మ అంటించారు. కాయకు కళ్లజోడు ఉంది, చేతిలో రసీదు పుస్తకం ఉంది. కింద పేరు లేదు. అయినా అది నేనేనని ఇట్టే కనిపెట్టేశాను. తొమ్మిదేళ్లుగా అసోసియేషన్ ప్రెసిడెంటుగా ఉన్నవాడికి ఆమాత్రం చూపు ఉండదా? ‘సదరు గుమ్మడికాయ ప్రెసిడెంటు గారిని కించపరిచేదిగా ఉన్నది, గీసినవారికి 500 రూపాయల జరిమానా’ అని గంటలో నోటీసు పెట్టించాను.

వాచ్‌మన్ దాన్ని అంటిస్తూ, “అది మీరా సార్! దిష్టికేమో అనుకున్నాం” అన్నాడు. పాపం, కళాదృష్టి తక్కువ.

మనసు కుదుటపడక చరిత్ర పుస్తకాలు తిరగేస్తే నాలాంటి బాధితుడు ఒకాయన దొరికాడు. ఫ్రాన్స్ రాజు లూయీ ఫిలిప్. 1830లో జనం తిరగబడి పాత రాజును తరిమేస్తే గద్దెనెక్కిన పెద్దమనిషి. ఏటా 200 ఫ్రాంకుల పన్ను కట్టే మగవాళ్లకే ఓటు అన్నాడు. మూడు కోట్ల పైచిలుకు జనంలో ఓటున్నవాళ్లు రెండు లక్షలు కూడా లేరు. మా దగ్గరా అంతే. మెయింటెనెన్స్ అందరూ కట్టాలి, ఓటు ఓనర్లకే. అద్దెకున్నవాళ్లు రేపోమాపో వెళ్లిపోతారు కదా. పన్నెండేళ్లుగా ఉంటున్నవాళ్లు కూడా.

అలాంటి రాజును షార్ల్ ఫిలిపాన్ అనే పత్రికాయన బేరిపండుతో పోల్చాడు. 1831 నవంబరులో కోర్టులో నాలుగు బొమ్మలు చూపించాడు. మొదటిది రాజుగారి ముఖం. రెండోదాంట్లో బుగ్గలు కాస్త జారాయి, మూడోదాంట్లో ఇంకాస్త. నాలుగోది అచ్చంగా పండు. ఒకటి నేరమైతే నాలుగూ నేరమే, పోలిక దేవుడిచ్చింది, నన్నేం చేయమంటారని ఆయన వాదన. ఆరు నెలలు వేశారు. ఆ తర్వాత పారిస్ గోడల మీద ఎవరు పండు గీసినా అది ఎవరో అందరికీ తెలిసిపోయేది. సర్కారు వారు స్వయంగా కేసు పెట్టి మరీ తెలియజేశారు మరి.

ఆ డిసెంబరులోనే ఓనొరే దోమియే అనే 23 ఏళ్ల కుర్రాడు ఇంకా ఘోరం చేశాడు. రాజును కొండంత రాక్షసుణ్ని చేసి సింహాసనం మీద కూర్చోబెట్టాడు. ఆ సింహాసనానికి అడుగున చిల్లు. రాజు నోటి నుంచి నేల దాకా ఏటవాలుగా ఒక పొడవాటి చెక్క. కింద చింకిబట్టల జనం, వాళ్లలో పసిబిడ్డకు పాలిస్తున్న తల్లి. వాళ్ల చిల్లర బుట్టలకెత్తి, చెక్క మీదుగా మోసుకెళ్లి నోట్లో పోస్తున్నారు. అడుగు చిల్లులోంచి బిరుదులు, పతకాలు రాలుతుంటే కోట్లేసుకున్న పెద్దలు ఎగబడి ఏరుకుంటున్నారు.

ఇందులో నేరం ఏముందని అడుగుతాను. డబ్బు ఒకచోట లోపలికి వెళ్లాలి, ఇంకోచోట బయటికి రావాలి. ఆ మధ్యలో దారిని నలుగురికీ చూపించడం సంస్కారమా? మా కార్పస్ ఫండూ అలాగే లోపలికి వెళ్లి, నా ఫ్లాటు ముందు గ్రానైట్‌గా బయటికొచ్చింది. మెట్లకింద గదికి సున్నం వేయించండి సార్ అని వాచ్‌మన్ నాలుగేళ్లుగా అడుగుతున్నాడు. ఫండ్ లేదని ఎంత మర్యాదగా చెప్పానో అతన్నే అడగండి.

దోమియేకు ఆరు నెలల జైలు, 500 ఫ్రాంకుల జరిమానా. వాళ్ల అంకె, నా అంకె ఒకటే కావడం దైవఘటన. కానీ జరిమానా వల్ల లాభమేమీ కనిపించలేదు. అవి కట్టడానికి ఫిలిపాన్ నెలనెలా చందాదారులకు బొమ్మలు అమ్మాడు!

చివరికి 1835 సెప్టెంబరులో చట్టం తెచ్చారు. బొమ్మ అచ్చేయాలంటే ముందే అనుమతి కావాలి. సెన్సారు ఉండదని రాజ్యాంగంలో రాసుకున్నారు కదా అంటే, సర్కారు జవాబు అద్భుతం: రాత అభిప్రాయం, బొమ్మ మాత్రం చర్య. ఎంత నిజం! కిందటేడు లెక్కలు అడుగుతూ ఎవరో మూడు పేజీల ఉత్తరం రాశారు. చదివింది ఇద్దరే, అందులో ఒకణ్ని నేను. గుమ్మడికాయను పాలవాడు కూడా చూశాడు.

రాజును వదిలేసిన దోమియే, ఉత్తుత్తి కంపెనీలు పెట్టి షేర్లు అమ్ముకునే రొబేర్ మకేర్ అనే మోసగాణ్ని పట్టుకుని సుమారు వంద బొమ్మలు గీశాడు. రాజు ముఖం లేదు గనక ఇబ్బంది లేదు. 1848లో లూయీ ఫిలిప్ మిస్టర్ స్మిత్ అనే పేరుతో ఇంగ్లండు వెళ్లారు. ఆరోగ్యరీత్యా అయ్యుంటుంది. ఆ పేజీలు నేను గబగబా తిప్పేశాను.

ఒక్క జాగ్రత్త మాత్రం నేర్చుకున్నాను. 1834 ఫిబ్రవరిలో ఫిలిపాన్ పత్రిక తన మీద వచ్చిన కోర్టు తీర్పును తానే అచ్చేయాల్సి వచ్చింది. వేసింది, వరుసల్ని బేరిపండు ఆకారంలో పేర్చి. అందుకే నా రెండో నోటీసును చుట్టూ మందపాటి గీత పెట్టి నలుచదరంగా టైపు కొట్టించి, లామినేషన్ చేయించాను. ఖర్చు కార్పస్ ఫండ్‌లో రాయించాను.

ఇవాళ పొద్దున లిఫ్టు ఎక్కాను. నోటీసు అక్కడే ఉంది, ఒక్క అక్షరం చెరగలేదు. నాలుగు మూలలూ కత్తెరతో గుండ్రంగా కత్తిరించి, పైన పచ్చ రిబ్బనుతో తొడిమ పెట్టారు. కింద దారానికి ఒక నిమ్మకాయ, నాలుగు పచ్చిమిరపకాయలు.