కార్తీక వనభోజనానికి పచ్చ డబ్బా ఉగాదికే అడగాలి

కార్తీకంలో ఉసిరి చెట్టు కింద విస్తరి వేసుకుని తినడం మన ఆచారం. కాలిఫోర్నియాలో పెరిగిన ఉసిరి చెట్టు దొరకడం కష్టం గనుక, కుండీలో మొక్కను పెట్టుకుని సిటీ పార్కులో షెల్టర్ (పైకప్పున్న పిక్నిక్ పందిరి) అద్దెకు తీసుకుని ఆ ముచ్చట తీర్చుకుంటున్నాం. భోజనాలయ్యాక మాత్రం అరటాకులు, పులిహోర మెతుకులు, సాంబారు కారుతున్న గిన్నెలు, సగం తాగి వదిలేసిన నీళ్ళ సీసాలు అన్నీ ఒకే నల్ల సంచిలోకి పోతున్నాయి. చెట్టుకు దీపం పెట్టిన పూటే ఇలా చేయడం తప్పు.

ఈ రాష్ట్రంలో ఎస్‌బీ 1383 చట్టం 2016లో వచ్చింది. దాని నిబంధనలు 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. తిండి, ఆకులు చెత్తగుట్టలో గాలాడక కుళ్ళితే మీథేన్ పుడుతుంది కాబట్టి వాటిని విడిగా ఎత్తి ఎరువు చేయాలన్నది దాని సారం. తిండి, ఆకుల కోసం మన ఇళ్ళ ముందుకు పచ్చ డబ్బా వచ్చింది అందుకే. కానీ షెల్టర్ల పక్కన చాలాచోట్ల ఇప్పటికీ చెత్త పీపా ఒక్కటే ఉంటుంది. మన సంఘాలు నోరు విప్పాల్సింది ఇక్కడే.

అయితే దేనికైనా అదను ఉండాలి. ఇక్కడి నగరాలకు సాధారణంగా జులై 1న కొత్త ఆర్థిక సంవత్సరం మొదలవుతుంది, బడ్జెట్ చర్చలు ఏప్రిల్ నుంచి జూన్ దాకా సాగుతాయి. అక్టోబరులో వెళ్ళి అడిగితే డబ్బు లేదంటారు. ఉగాది సంబరాలు ముగిసిన వారమే ఉత్తరం పంపాలి. కౌన్సిల్ సమావేశంలో లేచి మాట్లాడితే చాలని చాలామంది అనుకుంటారు. చాలదు. స్థానిక సంస్థల సమావేశాలు బహిరంగంగా జరగాలని చెప్పే ఈ రాష్ట్ర బ్రౌన్ చట్టం ప్రకారం మామూలు సమావేశానికి అజెండా 72 గంటల ముందే పెట్టాలి, అందులో లేని విషయంపై కౌన్సిల్ నిర్ణయం తీసుకోకూడదు. అందుకని ముందు పార్కుల కమిషన్‌కు రాసి, విషయాన్ని అజెండాలో చేర్చమని కోరాలి. కోరిక చిన్నదిగా, తేల్చి చెప్పేదిగా ఉండాలి: షెల్టర్ పర్మిట్ ఫారంలో పచ్చ డబ్బా కావాలా అనే ఒక గడి, డబ్బాలు తెచ్చిపెట్టి, మళ్ళీ ఎత్తుకెళ్ళే ఏర్పాటు. పర్యావరణాన్ని కాపాడండి అని రాసిన ఉత్తరానికి ధన్యవాదాలు తప్ప మరేమీ రావు.

డబ్బా వచ్చాక అసలు పరీక్ష మనకే. చెరకు పిప్పి పళ్ళాలు, మొక్కజొన్న ప్లాస్టిక్ స్పూన్లు కొనేముందు, ఏవేవి తీసుకుంటారో చెత్త కంపెనీని ఈమెయిల్‌లో అడగాలి. ప్యాకెట్ మీద ఎరువుగా మారుతుందని ధ్రువీకరించే బీపీఐ ముద్ర ఉన్నా ఆ స్పూన్లను వద్దనే ఎరువు కేంద్రాలు చాలా ఉన్నాయి, ఎందుకంటే అవి వాళ్ళ గడువులోగా కరగవు. అరటాకుతో ఈ తంటా లేదు. చేత్తో తింటే స్పూనే అక్కర్లేదు.

సీసాల బదులు క్యాన్లు పెడితే నీళ్ళ లెక్క సులువు. 500 మందికి మనిషికి అర లీటరు చొప్పున 250 లీటర్లు, అంటే అయిదు గ్యాలన్ల క్యాన్లు 14. గ్లాసులు ఇంటినుంచి తెచ్చుకోమని ఆహ్వానంలోనే రాయండి.

డబ్బాలను ఎప్పుడూ విడివిడిగా పెట్టకూడదు. ఒంటరిగా కనిపించిన డబ్బాలో జనం అన్నీ పడేస్తారు. పచ్చ, నీలం (రీసైక్లింగ్), చెత్త మూడూ పక్కపక్కనే ఉండాలి. వాటి ముందు సాంబారు, మజ్జిగ వంపడానికి ఒక బకెట్ పెట్టాలి, లేకపోతే అడుగు తడిసి సంచి చిరుగుతుంది. బొమ్మల పోస్టరు కన్నా ఆ రోజు వడ్డించిన ఆకు, గిన్నె, ఊరగాయ ప్యాకెట్ అట్టకు అంటించి డబ్బా పైన కట్టడం మేలు. ప్రతి చోటా ఒక మనిషి నిలబడాలి, అరగంటకొకసారి మారాలి. పచ్చ డబ్బాలో నల్ల సంచి మాత్రం వేయొద్దు, లోపలేముందో కనబడక మొత్తం చెత్తగుట్టకే పంపేస్తారు.

మిగిలిన వంటలో ఎవరూ గరిట పెట్టని ట్రేలను దానం చేయొచ్చు. 1996 నాటి ఫెడరల్ చట్టం మంచి మనసుతో ఇచ్చినవారికి రక్షణ ఇస్తుంది. ఆ ట్రేలు 135 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు తగ్గని వేడిలో ఉండాలి, తీసుకునే సంస్థతో ముందు వారమే మాట్లాడుకోవాలి. గంటల తరబడి బల్ల మీదే ఉన్న పెరుగన్నాన్ని మాత్రం ఎవరికీ ఇవ్వకండి. అది పచ్చ డబ్బాకే.