దూలగొండి పొడి తాగితే ఎత్తు పెరుగుతారా?

వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ ఇది: దూలగొండి గింజల్లో డోపమైన్‌ను పెంచే పదార్థం ఉంది, డోపమైన్ పెరిగితే గ్రోత్ హార్మోన్ పెరుగుతుంది, రోజూ పడుకునే ముందు పాలలో చెంచాడు పొడి కలిపి తాగితే పిల్లలు ఎత్తు పెరుగుతారు, పాతికేళ్లు దాటినవాళ్లు కూడా పెరుగుతారు. పిల్లాడు పొట్టిగా ఉన్నాడని టెన్షన్ పడే తల్లిదండ్రులే దీన్ని ఎక్కువగా నమ్ముతారు. అందుకే ఇందులో ఒక్కో మాటనూ విడిగా చూడాలి.

మొదటి మాట నిజమే. దూలగొండిలో ఎల్-డోపా ఉంటుంది, శరీరంలో అది డోపమైన్ అనే మెదడు రసాయనంగా మారుతుంది. పార్కిన్‌సన్స్ జబ్బుకు ఇచ్చే మందు కూడా ఎల్-డోపానే.

రెండో మాట సగమే నిజం. ఎల్-డోపా మింగితే ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తంలో గ్రోత్ హార్మోన్ కాసేపు పెరిగి, కొన్ని గంటల్లో మళ్లీ దిగిపోతుంది. పిల్లల్లో హార్మోన్ లోపం ఉందో లేదో తెలుసుకోవడానికి డాక్టర్లు ఈ లక్షణాన్ని వాడుకున్నారు. కానీ గ్రోత్ హార్మోన్ మితిమీరి తయారయ్యే ఎక్రోమెగాలీ రోగులకు దాన్ని తగ్గించడానికి ఇచ్చే బ్రోమోక్రిప్టిన్, కాబర్గోలిన్ కూడా డోపమైన్‌లా పనిచేసే మందులే. ఆరోగ్యవంతుల్లో పెంచేదే ఆ రోగుల్లో తగ్గిస్తోందంటే, డోపమైన్ ఎక్కువైతే హార్మోన్ ఎక్కువవుతుందన్న లెక్క చెల్లదు.

అసలు గ్రోత్ హార్మోన్‌ను తయారుచేసే పిట్యూటరీ గ్రంథికి ఆదేశాలు మెదడులోని హైపోథాలమస్ అనే భాగం నుంచి వస్తాయి. హార్మోన్‌ను విడుదల చేయమనేది జీహెచ్‌ఆర్‌హెచ్, ఆపమనేది సొమాటోస్టాటిన్. మెదడులోని రసాయన దూతలు ముఖ్యంగా ఈ రెండింటి మీదే పనిచేస్తాయి. ఎసిటైల్‌కోలిన్ సొమాటోస్టాటిన్‌ను అణచి హార్మోన్‌కు దారి వదులుతుంది. నార్‌అడ్రినలిన్ ఆల్ఫా-2 గ్రాహకాల (కణాల మీద సంకేతాన్ని అందుకునే భాగాల) ద్వారా హార్మోన్‌ను పెంచుతుంది, బీటా గ్రాహకాల ద్వారా తగ్గిస్తుంది. విడుదలైన గ్రోత్ హార్మోన్, దాని ప్రభావంతో తయారయ్యే ఐజీఎఫ్-1 అనే మరో హార్మోన్ తిరిగి మెదడుకు చేరి ఇక చాలంటాయి. అందుకే ఈ హార్మోన్ విడతలు విడతలుగా వస్తుంది. అన్నిటికంటే పెద్ద విడత సాధారణంగా రాత్రి తొలి గాఢనిద్రలో వస్తుందని 1968లోనే తేలింది. ఒకసారి బాగా పెరిగాక వెంటనే మళ్లీ ప్రేరేపిస్తే స్పందన తగ్గిపోతుంది. బయటినుంచి తోసిన కొద్దీ పెరుగుతూ పోయే వ్యవస్థ కాదిది.

ఇక మూడో మాట, అంటే హార్మోన్ పెరిగితే ఎత్తు పెరుగుతారన్నది. మెసేజ్ మొత్తం దీని మీదే నిలబడింది. దీన్ని మనుషుల్లోనే పరీక్షించారు. క్లోనిడిన్ అనే బీపీ మందు ఆల్ఫా-2 గ్రాహకాల ద్వారా గ్రోత్ హార్మోన్‌ను గట్టిగా పెంచుతుంది. లోపాన్ని పట్టుకునే పరీక్షల్లో ఇప్పటికీ దాన్ని వాడతారు. అలాంటప్పుడు అదే మందు రోజూ ఇస్తే పొట్టి పిల్లలు ఎదుగుతారేమోనని డాక్టర్లూ ఆశపడ్డారు. 1988లో లాన్సెట్ పత్రికలో వచ్చిన డబుల్ బ్లైండ్ ట్రయల్‌లో (ఎవరికి అసలు మందు, ఎవరికి ఉత్తుత్తి మందు ఇచ్చారో పిల్లలకూ డాక్టర్లకూ తెలియని పరీక్షలో) ప్రయోజనం ఏమీ కనబడలేదు. మోతాదు తెలిసిన మందు, డాక్టర్ల పర్యవేక్షణలో ఇచ్చినా సాధించలేనిది, ఎంత ఎల్-డోపా ఉందో తెలియని చెంచాడు పొడి సాధిస్తుందని ఎలా నమ్మాలి?

హార్మోన్ ఉన్నంత మాత్రాన ఎత్తు రాదనడానికి ఇంకో ఉదాహరణ లారాన్ సిండ్రోమ్ అనే పుట్టుకతో వచ్చే జబ్బు. అది ఉన్నవాళ్ల రక్తంలో గ్రోత్ హార్మోన్ మామూలుగానో, ఇంకా ఎక్కువగానో ఉంటుంది. అయినా వాళ్లు చాలా పొట్టిగానే ఉండిపోతారు. ఆ హార్మోన్‌ను అందుకునే గ్రాహకంలోనే వాళ్లకు లోపం.

పాతికేళ్ల మాట చెప్పనక్కర్లేదు. యుక్తవయసు ముగిసేసరికి ఎముకల చివర్లలోని ఎదుగుదల పలకలు మూసుకుపోతాయి. ఆ తర్వాత హార్మోన్ ఎక్కువైతే చేతులు, పాదాలు, దవడ మందమవుతాయే గానీ మనిషి పొడుగవడు.

ఎల్-డోపా వికారం, వాంతులు తెప్పిస్తుంది, బీపీని తగ్గిస్తుంది. "సహజమైనది కాబట్టి ఏమీ కాదు" అని పిల్లలకు పట్టకండి.

పిల్లల ఎత్తును ఆరు నెలలకోసారి గోడ దగ్గర నిలబెట్టి కొలిచి రాసుకోండి. నాలుగేళ్లు దాటాక, యుక్తవయసు మొదలయ్యేలోపు ఏడాదికి నాలుగైదు సెంటీమీటర్లైనా పెరగకపోతే పిల్లల డాక్టరుకు చూపించండి. థైరాయిడ్ తక్కువగా ఉండొచ్చు, గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు ఉండొచ్చు, ఆడపిల్లల్లో క్రోమోజోమ్ లోపం వల్ల వచ్చే టర్నర్ సిండ్రోమ్ ఉండొచ్చు, నిజంగానే గ్రోత్ హార్మోన్ లోపమూ ఉండొచ్చు. ఆ లోపానికి ఇంజెక్షన్లు ఉన్నాయి, కానీ అవి ఎత్తు పెంచేది ఎదుగుదల పలకలు మూసుకోకముందే. పొడి తాగిస్తూ ఎదురుచూసే ఏడాది ఆ పలకలకు తిరిగి రాదు.