విమానం ఎక్కగానే పన్ను వదలదు

వ్యాసకర్త గారూ, "ఉద్యోగానికి విదేశం వెళ్లిన రోజు నుంచే ఎన్నారై, అక్కడి జీతానికి ఇక్కడ పన్ను లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. మొదటి సగం ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) లెక్క. బ్యాంకువాళ్లు పొదుపు ఖాతాను ఎన్ఆర్ఓగా (ఎన్నారైల రూపాయి ఖాతాగా) మార్చమనేది అందుకే. ఆదాయపు పన్ను లెక్క వేరు. ఏప్రిల్ నుంచి మార్చి లోపల దేశంలో 182 రోజులు ఉంటే ఆ ఏడాది మొత్తానికీ రెసిడెంటే, అంటే అక్కడి జీతమూ ఇక్కడి పన్ను లెక్కలోకి వస్తుంది. వెళ్లకముందు ఇట్లా, వెళ్లాక అట్లా అని బ్రిటన్‌లో మాదిరి ఏడాదిని రెండుగా విడగొట్టే పద్ధతి మన చట్టంలో లేదు.

సెప్టెంబరు 28న దేశం దాటితే 181 రోజులే. 29న దాటితే చిక్కు. మా కడప నుంచి చాలామంది చెన్నై పోయి విమానం ఎక్కుతారు. అర్ధరాత్రి ఫ్లైట్ అయితే టికెట్ మీది తేదీ కాదు, పాస్‌పోర్టులో ఇమిగ్రేషన్ ముద్ర తేదీ చూసుకోండి. సంక్రాంతికో, చెల్లెలి పెళ్లికో వచ్చిపోయిన రోజులూ ఇందులో కలుస్తాయి, అది ఎవరూ చెప్పరు.

నవంబరులో జర్మనీ వెళ్లినవాళ్లకు అక్కడ కట్టిన పన్ను, రెండు దేశాల మధ్య ఉన్న పన్ను ఒప్పందం కింద ఇక్కడ తగ్గుతుంది. కువైట్‌లో జీతం మీద పన్నే లేదు, ఇక తగ్గించేదేముంది? మార్చి దాకా వచ్చిన జీతమంతా ఇక్కడి ఆదాయంలో కలుస్తుంది. అక్కడ తెరిచిన బ్యాంకు ఖాతాను కూడా రిటర్నులో షెడ్యూల్ ఎఫ్ఏలో (విదేశీ ఆస్తుల పట్టికలో) చూపాలి. మా వైపు ఏజెంట్లు వీసా, మెడికల్ గురించి గంటసేపు చెప్తారు గానీ ఈ మాట ఎత్తరు.