ఎజైల్ సాఫ్ట్‌వేర్‌కే పరిమితమా?

"ఎజైల్ సాఫ్ట్‌వేర్ వాళ్ల పద్ధతి. కోడ్‌ని రాత్రికి రాత్రి మార్చుకోవచ్చు, ఉక్కుని మార్చలేం. వస్తువులు తయారుచేసేవాళ్లు అవసరాలన్నీ ముందే రాసుకుని, డిజైన్ ఫ్రీజ్ చేశాకే పనిలోకి దిగాలి." ఎజైల్ అంటే అన్నీ ముందే ఖాయం చేసుకోకుండా, చిన్న చిన్న అడుగుల్లో చేసి, చూసి, దిద్దుకుంటూ పోయే పద్ధతి. పైన చెప్పిన మాటని చాలామంది షేర్ చేస్తున్నారు. ఇందులో కొంత నిజం ఉంది కాబట్టే మిగతాది కూడా ప్రశ్నించకుండా నమ్మేస్తున్నారు.

"ఇది సాఫ్ట్‌వేర్‌లో పుట్టింది." 2001 నాటి ఎజైల్ మ్యానిఫెస్టో సాఫ్ట్‌వేర్ వాళ్లదే. కానీ ఎజైల్‌లో ఎక్కువమంది వాడే స్క్రమ్ అనే పద్ధతి పేరు అంతకు పదిహేనేళ్ల ముందటిది. 1986లో హిరోతకా తకేయుచి, ఇకుజిరో నొనాకా హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసంలో, కొత్త వస్తువులు చేసే టీమ్‌లను రగ్బీ ఆటతో పోల్చి ఆ మాట వాడారు. వాళ్లు పరిశీలించినవాటిలో ఫూజీ జిరాక్స్ కాపీయర్, కెనాన్ కెమెరా, హోండా సిటీ కారు ఉన్నాయి. అంటే ఈ ఆలోచన వస్తువుల నుంచే సాఫ్ట్‌వేర్‌కి వెళ్లింది.

"రెండు వారాల్లో అమ్మదగ్గ వస్తువు రాదు." నిజమే, రాదు. వస్తువుల పనిలో స్ప్రింట్ (ఎజైల్‌లో రెండు వారాల్లాంటి ఒక్కో చిన్న విడత పని) చివర మనకి కావాల్సింది ఒక సందేహానికి జవాబు. చేతిలో పట్టుకునే పరికరం తీసుకోండి. పట్టు బాగుందా అన్నది ఫోమ్ ముక్క చెక్కితే ఆ రోజే తెలుస్తుంది. లోపల ఎంత వేడెక్కుతుందో చూడటానికి అసలు సర్క్యూట్ అక్కర్లేదు, అంతే వాట్ల రెసిస్టర్‌ని డబ్బాలో పెట్టి కొలవచ్చు. మూత క్లిప్ విరుగుతుందా అన్నదానికి మాత్రం త్రీడీ ప్రింట్‌ని నమ్మకూడదు. పొరలు పొరలుగా చేసిన ముక్క విరిగే తీరు వేరు. అసలు వాడబోయే ప్లాస్టిక్‌లోనే ఒక ముక్క మిషనింగ్ చేయించి వంచి చూడాలి.

"మార్పు ఖరీదు ఎక్కువ, అందుకే మొదటే ఫ్రీజ్ చేయాలి." నాకు అన్నింటికంటే ప్రమాదకరంగా కనిపించే వాదన ఇదే. మార్పు ఖరీదు మొదటి రోజు నుంచి చివరి దాకా ఒకేలా ఉండదు. డ్రాయింగ్‌లో ఉన్నప్పుడు గంటల పని, ప్లాస్టిక్ పోసే లోహపు అచ్చు, అంటే మౌల్డ్ కోశాక వారాల పని. అలాంటప్పుడు మనకి అతి తక్కువ తెలిసిన రోజునే అన్నీ ఖాయం చేసుకోవడం ఏం తెలివి? మౌల్డ్ ఆర్డర్ వెళ్లేలోపు వీలైనన్ని తప్పులు బయటపడాలి.

పైగా అంతా ఒకేసారి ఫ్రీజ్ చేయనక్కర్లేదు. మౌల్డ్‌లో లోహాన్ని కోసి తీయడం తేలిక, తిరిగి చేర్చాలంటే వెల్డింగే గతి. అందుకే అనుభవం ఉన్నవాళ్లు, ఏ కొలత మీద నమ్మకం లేదో అక్కడ మౌల్డ్‌లో లోహం కాస్త ఎక్కువే ఉంచుతారు. మొదటి ముక్కలు కొంచెం వదులుగా వస్తాయి, అప్పుడు మౌల్డ్‌ని ఇంకాస్త కోసి, ముక్కని లావు చేసి బిగువు చేసుకుంటారు. సర్క్యూట్ బోర్డు మీద ప్రత్యామ్నాయ విడిభాగాలకు ఖాళీ ప్యాడ్‌లు (భాగాలకి టంకం వేసే చోట్లు) వదలడమూ ఇలాంటిదే.

మనిషి శక్తితో ఎగిరే విమానానికి 1959లో ప్రకటించిన క్రెమర్ బహుమతి పద్దెనిమిదేళ్లు ఎవరికీ దక్కలేదు. 1977లో పాల్ మెక్‌క్రెడీ బృందం గాసమర్ కాండర్‌తో గెలుచుకుంది. అల్యూమినియం గొట్టాలు, పల్చని ప్లాస్టిక్ పొర, తీగలతో కట్టిన విమానం అది. పడిపోతే త్వరగా బాగుచేసి, మార్చి, మళ్లీ ఎగరేసేవారు. మార్పుని చవక చేయడం కూడా డిజైన్ పనే అని నేను దీన్నుంచే నేర్చుకున్నాను.

"భద్రతా ధ్రువీకరణ ఉంటే కుదరదు." ధ్రువీకరణకి ఫైనల్ డిజైన్ సురక్షితమన్న సాక్ష్యం కావాలి, ఏ మార్పు ఎందుకు చేశారో రికార్డు కావాలి. చిన్న అడుగుల్లో పనిచేస్తే ఆ రికార్డు ఎప్పటికప్పుడు తయారవుతుంది. ప్రోటోటైప్‌నే ముందుగా ల్యాబ్‌కి తీసుకెళ్లి విద్యుదయస్కాంత పరీక్ష చేయించుకుంటే చివరి వారం టెన్షన్ చాలా తగ్గుతుంది.

"వెండర్లు స్ప్రింట్‌లు పాటించరు." పాటించనక్కర్లేదు. ఎనిమిది వారాలు పట్టే మౌల్డ్‌ని రెండు వారాల స్ప్రింట్‌లో ఇరికించమనే మేనేజర్‌ది ముమ్మాటికీ తప్పే. ఆలస్యంగా వచ్చే భాగాలని ముందే గుర్తించి, వాటి సందేహాలు మొదట తీర్చుకుని, ముందుగా ఆర్డర్ ఇవ్వాలి. మౌల్డ్ చేసేవాళ్లకి డ్రాయింగ్ పూర్తికాకముందే చూపించండి. ముక్క గోడ ఎక్కడ మందంగా ఉండి పైన గుంట పడుతుందో వాళ్లు అప్పుడే చెప్పగలరు. అప్పటికి ఆ గోడని మార్చడం డ్రాయింగ్‌లో ఒక గీత జరిపినంత పనే.