నేల పేరుతో లింకు దందా

యూరియా బస్తా అడిగిన రైతు చేతిలో దానితోపాటు, నేలకు సత్తువ తెస్తుందంటూ హ్యూమిక్ యాసిడ్ డబ్బానో, గుళికల సంచినో పెట్టి పంపే లింకు దందా ఈ ఖరీఫ్‌లోనూ ఆగలేదు. రూ.266.50కు దొరకాల్సిన 45 కిలోల బస్తా కోసం వచ్చినవాడు, అక్కర్లేని సరుకుకూ డబ్బు కట్టి వెళ్తున్నాడు. ఇలా అంటగట్టడాన్ని ఆపించాలని కేంద్ర వ్యవసాయ మంత్రి శివరాజ్‌సింగ్ చౌహాన్ 2025 జులైలో ముఖ్యమంత్రులకు లేఖ రాశారు. ఏళ్ల తరబడి దాదాపు 30 వేల బయో స్టిమ్యులెంట్లు (పైరు ఎదుగుదలను ప్రేరేపిస్తాయంటూ అమ్మే మందులు) అదుపు లేకుండా అమ్ముడయ్యాయని, తనిఖీలు బిగించాక అవి సుమారు 650కి తగ్గాయని ఆయనే చెప్పారు. మరి మిగతా సరుకును అన్నేళ్లు పొలాల్లోకి పోనిచ్చినదెవరు?

ఈ కోవలోకి వచ్చే హ్యూమిక్, ఫుల్విక్ ఆమ్లాలను 2021 ఫిబ్రవరిలో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చినప్పుడు, పరీక్షల ఫలితాలు సమర్పించేలోగా అమ్ముకోవడానికి కంపెనీలకు తాత్కాలిక అనుమతి ఇచ్చారు. పొడిగింపుల మీద పొడిగింపులతో ఆ తాత్కాలికం 2025 జూన్ 16 దాకా సాగింది. ముందు అమ్మకం, తర్వాత రుజువు అన్న ఈ పద్ధతి ఒకసారి అలవాటైతే రేపు విత్తనానికీ, పురుగుమందుకూ ఇదే అడుగుతారు.

పొలం పరీక్షలకు కాలమూ ఖర్చూ పడతాయన్నది తయారీదారుల వాదన. నాణ్యమైన హ్యూమిక్ వేళ్ల ఎదుగుదలకు తోడ్పడుతుందన్న మాటలోనూ నిజముంది. అయితే వేరు సాగడం వేరు, నేల కోలుకోవడం వేరు. ఎకరంలో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 9 లక్షల కిలోలు తూగుతుంది. అందులో నేల సారానికి ఆధారమైన సేంద్రియ కర్బనాన్ని ఒక్క 0.1 శాతం పెంచాలన్నా 900 కిలోల కర్బనం మట్టిలో నిలవాలి. ఎకరానికి రెండు మూడు కిలోలు చల్లే పొడి ఆ లోటును పూడుస్తుందని నమ్మించి అమ్మడం మోసం కాక మరేమిటి?

నీటినీ పోషకాలనూ పట్టి ఉంచే జీవపదార్థం పశువుల ఎరువు నుంచి, పూతదశలో కలియదున్నిన జీలుగ, జనుము, పిల్లిపెసరల నుంచి సూక్ష్మజీవుల చేతుల మీదుగా తయారవుతుంది. మన ఎండలకు అది త్వరగా తరిగిపోతుంది కనుక ఏటా వేస్తూనే ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి సాగుతున్న ప్రకృతి వ్యవసాయంలో తొలకరికి ముందే నవధాన్యాలు చల్లించడం ఇందుకే. ఇంకోవైపు కోతయంత్రం వదిలిన వరికొయ్యలకు నిప్పు పెడుతుంటే అడిగే నాథుడు లేడు; సబ్సిడీ జీలుగ విత్తనం అదను దాటాక వస్తోందన్న ఫిర్యాదుకు జవాబిచ్చేవాడూ లేడు.

లింకు పెట్టిన డీలరుపై కేసు రాసి, అతనికి ఆ సరుకు అంటగట్టిన కంపెనీని వదిలేస్తే అది చర్య అనిపించుకోదు. అనుమతి ముగిసిన నిల్వలు ఏ గోదాముల్లో ఉన్నాయో, ఎప్పుడు వెనక్కి పంపిస్తారో రాష్ట్రాల వ్యవసాయ శాఖలు వెంటనే ప్రకటించాలి. తాత్కాలికం పేరుతో మరో గడువుకు ఎవరు ఒత్తిడి తెచ్చినా కేంద్రం లొంగరాదు. ఒక్క యూరియా బస్తాకు రైతు చేత ఆధార్ చూపించి వేలిముద్ర వేయించుకునే యంత్రాంగానికి, కంపెనీల నుంచి ఒక్క పరీక్ష నివేదిక రాబట్టడానికి నాలుగేళ్లు చాలలేదంటే ఎవరు నమ్ముతారు?