సేవా పత్రం చూసి భుజాన నక్షత్రాలు పెడతారా?

సైనికాధికారులను తయారుచేసే నేషనల్ డిఫెన్స్ అకాడమీలో చేరాలంటే రాతపరీక్షకు 900 మార్కులు, దాన్ని దాటినవారికి సర్వీసెస్ సెలక్షన్ బోర్డు (ఎస్‌ఎస్‌బీ) ఇంటర్వ్యూకు మరో 900. ఈ 1,800 మార్కుల్లో స్వచ్ఛంద సేవ పేరిట విడిగా కేటాయించిన మార్కు ఒక్కటి కూడా లేదు. రాతపరీక్షలో కటాఫ్ అందుకోని అభ్యర్థి ఎన్ని రక్తదాన శిబిరాలు నడిపాడో, ఎంతమంది పిల్లలకు చదువు చెప్పాడో ఎవరూ అడగరు. అడగడానికి అతను బోర్డు ముందుకే రాడు. వయసు, విద్యార్హత, వైద్య పరీక్ష కూడా అంతే కరాఖండిగా ఉంటాయి. సేవ చేస్తే దరఖాస్తుకు బలం వస్తుందా అని అడిగితే, కాగితానికి పెద్దగా రాదనే చెప్పాలి. ఇంటర్వ్యూ దాకా వెళ్లిన మనిషికి వస్తుందా అన్నది వేరే సంగతి.

అమెరికాలో లెక్క కొంచెం వేరు. వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ అభ్యర్థిని తూచేటప్పుడు చదువుకు 60 శాతం, నాయకత్వానికి 30 శాతం, శరీర దారుఢ్యానికి 10 శాతం ఇస్తుంది. సమాజ సేవ ఆ 30 శాతంలోకే వస్తుంది గానీ అక్కడ దానికి ప్రత్యేక పీట లేదు. జట్టు కెప్టెన్సీ, విద్యార్థి సంఘం బాధ్యతల పక్కన సర్దుకుని కూర్చోవాలి. ఆ పద్దుకు పెట్టిన పేరు నాయకత్వం. చాలామంది అభ్యర్థులు ఈ పేరును పట్టించుకోరు. వంద గంటలు కూర్చుని భోజనం పొట్లాలు కట్టిన వ్యక్తికంటే, ఎవరు కట్టాలి, బండి ఎప్పుడు బయలుదేరాలి, ముందు ఏ వీధికి చేరాలి అన్నది తేల్చిన పది గంటల మనిషే ఆ పద్దులో ముందుంటాడు. పొట్లాలు కట్టినవారి పుణ్యం తక్కువేమీ కాదు. కానీ బోర్డు పుణ్యాత్ముల కోసం వెతకడం లేదు.

కాగితాన్ని, వంశాన్ని నమ్మి దెబ్బతిన్న అనుభవం సైన్యాలకు ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తొలినాళ్లలో బ్రిటిష్ సైన్యం అధికారులను చిన్నపాటి ఇంటర్వ్యూతోనే ఎంపిక చేసేది. ఏ బడిలో చదివాడు, ఎవరి అబ్బాయి అన్నవే ఎక్కువగా చూసేవారు. అలా వచ్చినవారిలో చాలామంది శిక్షణలోనే నిలబడలేకపోయారు. దాంతో 1942లో వార్ ఆఫీస్ సెలక్షన్ బోర్డులు పుట్టాయి. మానసిక వైద్యుడు విల్‌ఫ్రెడ్ బయాన్ అక్కడ నాయకుడు లేని గుంపు పరీక్షను తెచ్చాడు. కొద్దిమంది అభ్యర్థులకు ఒక పని అప్పగిస్తారు, నాయకుడెవరో చెప్పరు, పక్కన నిలబడి చూస్తారు. నేను పైకి కనిపించాలన్న ఆరాటమూ, జట్టు పని పూర్తికావాలన్న పట్టుదలా అక్కడ ఒకదానికొకటి ఎదురుపడతాయి. ఏది గెలిచిందో చూసేవారికి తెలిసిపోతుంది. భారత్‌లో ఈ పద్ధతి 1943లో ప్రయోగంగా మొదలై నేటి ఎస్‌ఎస్‌బీగా స్థిరపడింది.

ఎస్‌ఎస్‌బీ ఐదు రోజుల వడపోత వెనక ఉన్న సూత్రం తెలుగువారికి చిన్నప్పటి నుంచి తెలిసిందే: మనసా, వాచా, కర్మణా. మనసును సైకాలజిస్ట్, మాటను ఇంటర్వ్యూ అధికారి, చేతను గ్రూప్ టెస్టింగ్ అధికారి విడివిడిగా అంచనా వేస్తారు. చివరి రోజు కాన్ఫరెన్స్‌లో ముగ్గురి అంచనాలూ ఒకచోట చేరతాయి. సైకాలజిస్ట్ పెట్టే ఒక పరీక్షలో 60 పదాలు చూపిస్తారు, మనసుకు తట్టింది రాయడానికి ఒక్కోదానికి 15 సెకన్లే. మరో పరీక్షలో 60 సందర్భాలకు 30 నిమిషాల్లో స్పందన రాయాలి. అంత వేగంలో లేని గుణాన్ని అరువు తెచ్చుకోవడం కష్టం. ఇంటర్వ్యూలో సేవాభావం గురించి గంభీరంగా మాట్లాడిన అభ్యర్థి, మైదానంలో దుంగ మోస్తూ వెనకబడిన తోటివాడిని కసురుకున్నాడనుకోండి. మాట ఒక అధికారి కాగితంలో, చేత మరో అధికారి కాగితంలో నమోదై ఉంటాయి.

మరి సేవ చేసిందంతా వృథాయేనా? కాదు. సైనికాధికారి చేతిలో చట్టం ఇచ్చిన ఆజ్ఞ ఉంటుంది. వలంటీర్లను నడిపేవాడి చేతిలో ఏమీ ఉండదు. కోయడానికి వారికి జీతం లేదు, గైర్హాజరు వేయడానికి పట్టీ లేదు. ఆరింటికి వస్తానన్న మనిషి తొమ్మిదింటికి కూడా ఫోను ఎత్తడు. రక్తదానానికి నలభై మంది పేరిచ్చి పదహారు మందే వచ్చిన రోజును ఊహించండి. రక్తం తీసే సిబ్బంది ఖాళీగా కూర్చున్నారు, నిర్వాహకుల్లో ఇద్దరు తప్పు నీదంటే నీదని వాదులాడుకుంటున్నారు. ఆ గంటలో ఎవరికి ఫోన్ చేయాలి, ఎవరిని శాంతింపజేయాలి, ఎవరిని ఇంటికి పంపేయాలి అన్నది పుస్తకం చదివి నేర్చుకోలేం. హోదా లేకుండా పదిమందిని కదిలించడం ఎలాగో అక్కడ తెలుస్తుంది. ఎస్‌ఎస్‌బీ చూసే పదిహేను అధికారి లక్షణాల్లో గుంపును ప్రభావితం చేయగల నేర్పు, చొరవ, బాధ్యతాభావం, సహకారం ఉన్నాయి. నలుగురిని పోగేసి పని చేయించినవారికి ఈ మాటలన్నీ ఒక్క రోజు జ్ఞాపకంలోనే దొరుకుతాయి.

బ్రిటన్‌లోని శాండ్‌హర్స్ట్ అకాడమీ నినాదం కూడా నడిపించాలంటే ముందు సేవ చేయమనే చెబుతుంది. దెహ్రాదూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీలో నాటి భారత ప్రధాన సేనాధిపతి చెట్‌వుడ్ 1932లో అన్న మాటల్లో దేశం మొదట, మీ కింద పనిచేసేవారు తర్వాత, మీ సొంత సుఖం ఎప్పుడూ చివర. ఇంటర్వ్యూకు ముందు ఈ మాటలు బట్టీ పట్టేవారు బోలెడుమంది. వచ్చినవారందరికీ భోజనం అందిందో లేదో చూసుకుని చివర్లో తిన్న అలవాటు ఉన్నవారికి ఆ బట్టీ అవసరం రాదు.

ఒక తేడా మాత్రం స్పష్టంగా తెలిసి ఉండాలి. ఎన్‌సీసీ 'సి' సర్టిఫికెట్‌లో కనీసం బి గ్రేడ్, డిగ్రీలో నిర్ణీత మార్కులు ఉన్నవారు ఆర్మీ ప్రత్యేక ప్రవేశం ద్వారా రాతపరీక్ష లేకుండానే ఎస్‌ఎస్‌బీకి దరఖాస్తు చేసుకోవచ్చు. 1969లో మొదలైన జాతీయ సేవా పథకంలో రెండేళ్లకు 240 గంటలు పనిచేసినా అలాంటి దారి తెరుచుకోదు. ప్రవేశానికి నేరుగా పనికొచ్చే కాగితం కావాలనుకునేవారు ఎన్‌సీసీకే వెళ్లాలి. ఇందులో తర్కించడానికి ఏమీ లేదు.

ఇంటర్వ్యూ గదిలో ఎదురుగా ఉండేది అభ్యర్థి స్వయంగా నింపిన పీఐక్యూ ఫారం, అంటే తన వ్యక్తిగత వివరాల ప్రశ్నావళి. అందులో సేవ అని రాస్తే ప్రశ్నలు గొలుసులా వస్తాయి. ఎప్పుడు చేరారు? మీ పని ఏమిటి? మీతో ఎంతమంది? ఎవరితో గొడవ వచ్చింది? ఏది చెడిపోయింది? ఇప్పుడు మానేశారా, ఎందుకు? నిజంగా చేసినవారికి ఇది కబుర్లు చెప్పుకోవడంలా సాగిపోతుంది. ఫొటో కోసం వెళ్లినవారు మూడో ప్రశ్నకే నీళ్లు నములుతారు. అమెరికా 1993లో స్వచ్ఛంద సేవ చేసే సైనికుల కోసం ఒక పతకం పెట్టింది. ఆ నిబంధనలు కూడా ఒక రోజు చేసిన ఘనకార్యాన్ని లెక్కలోకి తీసుకోవు, చాలాకాలం నేరుగా చేసిన పనినే అడుగుతాయి.

పీఐక్యూలో తల్లిదండ్రుల వృత్తి, ఆదాయం కూడా అడుగుతారు. వారాంతాల్లో ఉచితంగా పనిచేయడానికి తీరిక కావాలి, ఆ తీరికకు వెనక ఎవరో సంపాదిస్తూ ఉండాలి. పగలు చదువుకుని రాత్రి పనికి వెళ్లిన అభ్యర్థి ఫారంలో సేవ ఊసే లేకపోతే అది లోపమేమీ కాదు. తండ్రి మంచాన పడితే దుకాణం తెరిచి, సరుకు తెచ్చి, బాకీలవాళ్లకు సర్దిచెప్పి, చెల్లెలి ఫీజు గడువులోగా కట్టినవారిని అడగడానికి ఇంటర్వ్యూ అధికారికి బోలెడన్ని ప్రశ్నలుంటాయి. ఆ సంగతి చెప్పుకోవడానికి నామోషీ పడి, పోయిన నెలలో ఎవరో పిలిస్తే వెళ్లి రెండు మొక్కలు నాటిన ముచ్చట ఎత్తుకునే అభ్యర్థులను తలుచుకుంటేనే నాకు బాధ.